హైదరాబాద్ కాలేజీ ఉత్సవాల పాత పింగాణీ జ్ఞాపికల సేకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీ ఉత్సవాల పింగాణీ జ్ఞాపికలని వేటిని అంటారు?

కాలేజీ వార్షికోత్సవానికో, హాస్టల్ డేకో, రజతోత్సవానికో, విద్యార్థులే నడిపే సాంస్కృతిక, సాంకేతిక ఉత్సవాలకో ప్రత్యేకంగా చేయించి, అతిథులకూ విజేతలకూ కార్యకర్తలకూ పంచిన పింగాణీ వస్తువులన్నీ ఈ కోవలోకి వస్తాయి. ఎక్కువగా కనిపించేవి మగ్గులు. తరువాత పెన్ స్టాండ్లు, యాష్‌ట్రేలు, గోడకు తగిలించే చిన్న పళ్లాలు, చెక్క చట్రంలో బిగించిన టైల్స్ వస్తాయి. కప్పూ సాసరూ జతగా దొరకడం అరుదు, ఎందుకంటే సాసర్లు ముందుగా విరుగుతాయి, విరగనివి పూలకుండీల కిందికి చేరతాయి.

మన కాలేజీల్లో బహుమతి అంటే చాలాకాలం స్టీలు గిన్నె, చెక్క షీల్డు, ఇత్తడి కప్పు అన్న సంగతి గుర్తుంచుకోవాలి. పింగాణీ వాటి పక్కన ఎప్పుడూ తక్కువే. అరుదుగా ఉండటమే ఈ సేకరణకు ఆకర్షణ, అదే దీని కష్టం కూడా.

కాలేజీ చిహ్నంతో క్యాంటీన్ కోసం చేయించిన కప్పులు ఇందులోకి వస్తాయా?

ఖచ్చితంగా చెప్పాలంటే రావు, అవి వాడకపు సామాను. అయినా దొరికితే వదలకూడదని నా అభిప్రాయం. సంస్థ చిహ్నం ఏ కాలంలో ఏ రూపంలో ఉండేదో తేల్చుకోవడానికి జ్ఞాపికల కంటే ఈ మోటు కప్పులే ఎక్కువ సాయపడతాయి, ఎందుకంటే ఉత్సవ కమిటీలు చిహ్నాన్ని తమ ఇష్టం వచ్చినట్టు మార్చుకునేవి, కార్యాలయాలు అలా మార్చవు.

ఎంత పాతదైతే ‘పాతది’ అని లెక్క?

ఇరవై ఏళ్లు దాటితే చాలని కొందరు, నలభై దాటాలని కొందరు అంటారు. ఏళ్ల లెక్క కంటే తయారీ పద్ధతిని గీతగా పెట్టుకోవడం నాకు సబబుగా తోస్తుంది. రంగుల ఫొటోను కంప్యూటర్ నుంచి కాగితం మీదికి తీసి, వేడి యంత్రంతో మగ్గు మీదికి ఎక్కించే సబ్లిమేషన్ పద్ధతి వీధి చివరి దుకాణానికి వచ్చాక, పది మగ్గులు కావాలన్నా ఒక పూటలో చేయించుకోవచ్చు. అంతకు ముందు కమిటీ వాళ్లు కొన్ని వారాల ముందే నమూనా గీయించి, ఒకేసారి వందల సంఖ్యలో ఆర్డరిచ్చి, బట్టీలో కాల్పించుకోవలసి వచ్చేది. కాబట్టి బట్టీలో కాలిన బొమ్మ ఉన్నదాన్ని పాత తరంగా, యంత్రపు అచ్చు ఉన్నదాన్ని కొత్త తరంగా పరిగణిస్తే తగవులు తగ్గుతాయి.

హైదరాబాద్‌లో ఏయే సంస్థల వస్తువుల కోసం చూడవచ్చు?

నిజాం కాలేజీ 1887లో ఏర్పడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1917 ఏప్రిల్ 26న ఫర్మానా, అంటే నిజాం ఉత్తర్వు, వెలువడింది, విశ్వవిద్యాలయం ఏర్పడిన సంవత్సరంగా 1918ని చెబుతారు. ఈ రెండింటికీ, ఉస్మానియా వైద్య కళాశాలకూ, కోఠి ఉమెన్స్ కాలేజీకీ పూర్వ విద్యార్థులు ఎక్కువ, వాళ్ల ఇళ్లు నగరమంతటా ఉన్నాయి, కనుక వస్తువులు బయటపడే అవకాశం కూడా ఇక్కడే ఎక్కువ. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, 1979లో సీబీఐటీ (చైతన్య భారతి ఇంజినీరింగ్ కాలేజీ) వచ్చాయి. ట్రిపుల్ ఐటీ 1998 నాటిది. ఐఐటీ, బిట్స్ హైదరాబాద్ ప్రాంగణాలు 2008లో మొదలయ్యాయి, కనుక వాటి ఉత్సవాల మగ్గులు దాదాపు అన్నీ యంత్రపు అచ్చు కాలానివే. సెంట్రల్ యూనివర్సిటీ ‘సుకూన్’, ట్రిపుల్ ఐటీ ‘ఫెలిసిటీ’, బిట్స్ ‘పెర్ల్’ వస్తువులను ఇప్పుడే, తాజాగా ఉండగానే తీసి పెట్టుకునేవారు కొందరున్నారు. అది ముందుచూపు ఉన్న పద్ధతి, పైగా ఖర్చు లేనిది.

వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీ వస్తువులు హైదరాబాద్ ఇళ్లలో తరచుగా కనిపిస్తాయి, ఎందుకంటే చదివింది అక్కడైనా స్థిరపడింది ఇక్కడ.

వస్తువు మీద సంవత్సరం లేకపోతే కాలాన్ని ఎలా నిర్ణయించాలి?

అన్నిటికంటే నమ్మదగిన ఆధారం పేర్ల మార్పు. వరంగల్ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ 2002లో నిట్ అయింది, కనుక ‘ఆర్‌ఈసీ’ అన్న అక్షరాలున్న పళ్లెం అంతకు ముందుదే అయి ఉండాలి. జేఎన్‌టీయూ 2008లో విడిపోయింది, ఆ తరువాతి వస్తువుల మీద పేరు చివర హైదరాబాద్ చేరుతుంది. కోఠి ఉమెన్స్ కాలేజీ 2022లో మహిళా విశ్వవిద్యాలయంగా మారి, ఆపై చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. చిరునామాలో ‘హైదరాబాద్ దక్కన్’ అని ఉంటే వెంటనే 1956కు ముందుదని సంబరపడకూడదు, అలవాటుగా ఆ మాటను తరువాత కూడా చాలామంది రాశారు. ‘ఆంధ్రప్రదేశ్’ అని ఉంటే మాత్రం 1956 నవంబరుకూ 2014 జూన్‌కూ మధ్యదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తరువాతిదని అర్థం.

ప్రాయోజకుల పేర్లు ఇంకా ఎక్కువ చెబుతాయి, కొత్త సేకర్తలు వాటిని చూడకుండా వదిలేస్తుంటారు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అన్న పేరు 1956లో వచ్చి, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. కూల్‌డ్రింకుల గుర్తులైతే మరీ మేలు: థమ్సప్ గుర్తు ఉంటే 1977కు ముందుది కాదు. గోల్డ్ స్పాట్ గుర్తు ఉంటే, పార్లే తన పానీయాలను కోకా కోలాకు అమ్మిన 1993కు కాస్త అటూ ఇటూ వరకే దాని ఆయుష్షు. వెబ్ చిరునామా కనిపిస్తే 1990ల చివరికి వచ్చేసినట్టే.

ఉర్దూ లిపి ఒక్కటే చూసి నిర్ణయానికి రావద్దు. ఉస్మానియాలో బోధన 1948 దాకా ఉర్దూలో సాగింది నిజమే, కానీ ఉర్దూ సాహిత్య సంఘాలూ ముషాయిరాలూ ఆ తరువాత ఆగిపోలేదు, వాటి జ్ఞాపికల మీద ఉర్దూ ఉండటం సహజం. తెలుగు అక్షరాల విషయంలో, ఒత్తులూ గుడులూ ఒక్కోచోట ఒక్కోలా ఉంటే చేత్తో రాసిన నమూనా అనుకోవచ్చు. ప్రతి ‘క’ మరో ‘క’లాగే అచ్చుగుద్దినట్టుంటే డీటీపీ, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చే పద్ధతి, వచ్చిన కాలం నాటిది.

ఉత్సవం పేరు ఉండి సంవత్సరం లేని జూబిలీ వస్తువులతో ప్రత్యేకమైన చిక్కు ఉంది. సంస్థ పుట్టిన తేదీని ఫర్మానా నుంచి లెక్కించారా, స్థాపన నుంచా, మొదటి తరగతుల నుంచా అన్నదాన్ని బట్టి ‘స్వర్ణోత్సవం’ రెండు మూడేళ్లు అటూ ఇటూ అవుతుంది. ఉస్మానియా శతాబ్ది ఉత్సవాలు 2017 ఏప్రిల్‌లో, అంటే ఫర్మానా లెక్కన, మొదలయ్యాయి. కనుక జూబిలీ అన్న మాట నుంచి సంవత్సరాన్ని కూడికలతో తేల్చకుండా, ఆహ్వాన పత్రికో సావనీర్ పుస్తకమో దొరికే దాకా ‘సుమారు’ అని రాసుకోవడమే నిజాయితీ.

ఇది పింగాణీయా, బోన్ చైనాయా, గాజా అన్నది ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

చాలావరకు తెలుసుకోవచ్చు. వస్తువును బోర్లించి కుదురును, అంటే అది నిలబడే అడుగు వలయాన్ని, చూడండి. బట్టీలో నిలబడిన వస్తువుకు కుదురు అంచున గ్లేజు, అంటే గాజులాంటి పైపూత, ఉండదు, అక్కడ మట్టి తన అసలు రంగులో బయటపడుతుంది. ఆ అంచు లేత ఎరుపుగానో గోధుమరంగుగానో ఉండి, వేలితో తడిచేస్తే నీటిని పీల్చుకుంటే అది తక్కువ వేడిలో, సుమారు 1000 నుంచి 1150 డిగ్రీల సెల్సియస్ మధ్య, కాల్చిన మట్టి సామాను. బూడిద ఛాయలో గట్టిగా ఉండి నీటిని పీల్చకపోతే స్టోన్‌వేర్. తెల్లగా, నునుపుగా ఉంటే పింగాణీ. చీకటి గదిలో సెల్‌ఫోన్ లైటును కప్పు లోపల పెట్టినప్పుడు వెచ్చని, కొంచెం మీగడ రంగు వెలుగు గోడల గుండా బయటికి వస్తే అది బోన్ చైనా కావచ్చు. దాని మట్టిలో పశువుల ఎముకల బూడిద కలుస్తుంది, ఆ పారదర్శకత అందువల్లే వస్తుంది. శాకాహార కుటుంబాల్లో కొందరు ఈ కారణంగానే దాన్ని వంటింట్లోకి రానివ్వరు, అలాంటి ఇళ్లలో అటక మీద వాడకుండా పెట్టిన సెట్లు చెక్కుచెదరకుండా దొరుకుతుంటాయి.

కుదురు దగ్గర గ్లేజు లేని అంచు అసలే లేకపోతే, వస్తువంతా ఒకే తీరున నున్నగా పాలరంగులో ఉంటే అది ఓపల్ గాజు. లా ఓపాలా వంటి సామాను ఈ రకమే. దాన్ని పింగాణీ అని అమ్మేవారు మోసగాళ్లు కానక్కరలేదు, వాళ్లకూ తెలియకపోవచ్చు.

గోటితో మెల్లగా తట్టినప్పుడు పింగాణీ మోగుతుంది. బీట ఉన్న కప్పు బొంగురుగా పలుకుతుంది, ఆ బీట కంటికి కనిపించకపోయినా సరే.

బట్టీలో కాల్చిన బొమ్మకూ యంత్రపు అచ్చుకూ తేడా ఎలా తెలుస్తుంది?

కిటికీ దగ్గర నిలబడి కప్పును ఏటవాలుగా పట్టుకోవాలి. పాత పద్ధతిలో స్క్రీన్ ప్రింటింగ్‌తో డెకాల్ కాగితం మీద బొమ్మ అచ్చువేసి, నీళ్లలో నానబెట్టి, జారవిడిచి, గ్లేజు మీద అతికించి, సుమారు 750 నుంచి 850 డిగ్రీల దగ్గర మళ్లీ కాలుస్తారు. కాబట్టి రంగు గ్లేజు మీద పలుచని పొరగా నిలుస్తుంది. వెలుతురులో ఆ పొర మెరుపు చుట్టూ ఉన్న తెలుపు మెరుపుతో కలవదు, గోరు అడ్డంగా నడిపితే అంచు దగ్గర చిన్న మెట్టు తగులుతుంది. రంగులు రెండో మూడో ఉంటాయి, ఒక్కో రంగును విడిగా అచ్చువేస్తారు కనుక అవి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోక సన్నని తెల్ల సందు మిగులుతుంది. బుడగ పోకుండా అతికించిన చోట సూదిమొనంత ఖాళీలుంటాయి. నాకైతే ఈ లోపాలే ఇష్టం, కమిటీలోని ఏ కుర్రవాడో పరీక్షల ముందు రాత్రి నమూనా గీసి ఇచ్చిన సంగతి వాటిలో కనిపిస్తుంది.

సబ్లిమేషన్ మగ్గుకు ముందే పాలియెస్టర్ పూత ఉంటుంది, దాదాపు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కొన్ని నిమిషాలు నొక్కితే రంగు ఆ పూతలోకి ఆవిరిగా దిగుతుంది. గోటికి ఏమీ తగలదు, రంగులు ఫొటోలాగా ఒకదానిలో ఒకటి కరిగి ఉంటాయి, పిడికి రెండు పక్కలా అచ్చు ఆగిపోయే ఖాళీ పట్టీ కనిపిస్తుంది. ఎండ తగిలే అలమారలో ఇవి కొన్నేళ్లకే వెలిసిపోతాయి.

మూడో రకం ఒకటుంది, జాగ్రత్త అవసరమైంది అదే. మామూలు తెల్ల పింగాణీ మీద బ్యాచ్ వాళ్లు ఎనామెల్ పెయింటుతో తమ పేర్లు చేత్తో రాసుకున్నవి. ఆ రంగు బట్టీని చూడలేదు, కనుక వేడినీళ్లలో పీచుపెట్టి తోమితే ఊడిపోతుంది. ముందు ఒక మూల తడి దూదితో అద్ది చూడకుండా వీటిని కడగవద్దు.

అడుగున ఉన్న ముద్ర తయారీదారుదేనా?

తెల్ల సామాను తయారుచేసిన కర్మాగారానిది అయి ఉండవచ్చు, బొమ్మ వేసినవారిది కాకపోవచ్చు. ఖుర్జా, జైపూర్ వంటి చోట్ల నుంచి వచ్చిన ఖాళీ తెల్ల కప్పులను స్థానికంగా కొని, వాటి మీద డెకాల్ వేయించడం మామూలు పద్ధతి. కాబట్టి బెంగాల్ పాటరీస్ ముద్రో హిట్కారి ముద్రో కనిపిస్తే అది కప్పు వయసుకు ఒక అంచనా ఇస్తుంది, ఉత్సవం వయసుకు ఇవ్వదు. కర్మాగారం నుంచి వచ్చిన సరుకు కొట్లో ఎన్నాళ్లు పడి ఉందో ఎవరు చెప్పగలరు? ముద్ర లేకపోవడం కూడా లోపం కాదు, రెండో రకం సరుకును ముద్ర లేకుండానే తూకానికి అమ్మేవారు.

నగరంలో ఇవి ఎక్కడ దొరుకుతాయి?

గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత, చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్ చుట్టుపక్కల పాత సామాను దుకాణాలు అందరికీ తెలిసినవే. ముర్గీ చౌక్‌లో వస్తువుకు పాతకాలపు వాసన ఉందని అమ్మేవారికి తెలుసు, ధర అందుకు తగ్గట్టే ఉంటుంది. జుమ్మేరాత్ బజార్‌లో నేల మీద పరిచిన గోనెపట్టాల మీద స్విచ్చులు, తాళాలు, విరిగిన మిక్సీల మధ్య మగ్గు కనిపిస్తే దాన్ని అమ్మేవారు వంటింటి సామానుగానే చూస్తారు. తెల్లవారుజామున వెళ్లాలి, ఎండెక్కాక మంచి వస్తువులు తిరిగి అమ్మేవారి సంచుల్లోకి వెళ్లిపోతాయి. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాల మధ్య కప్పులు దొరకవు గాని, కాలేజీ మ్యాగజీన్లూ సావనీర్లూ దొరుకుతాయి, కాలనిర్ణయానికి అవే ముఖ్యం.

కానీ నిజమైన గని ఇళ్లలోనే ఉంది. తార్నాక, హబ్సీగూడ, విద్యానగర్, నల్లకుంట ప్రాంతాల్లో రిటైరైన అధ్యాపకుల పాత ఇళ్లు అపార్ట్‌మెంట్లకు ఇచ్చేటప్పుడు సామాను సర్దుబాటు మొదలవుతుంది. కబాడీవాలా బండి వచ్చే ముందు ఒక మాట అడగగలిగితే చాలు. అడిగే తీరు ముఖ్యం: ‘సార్, అమ్ముతారా’ అని మొదలుపెట్టకుండా ‘సార్, ఇది ఏ ఫంక్షన్‌ది’ అని అడిగితే ఆయన కూర్చోబెట్టి చాయ్ ఇప్పించి, ఆ ఏడు ముఖ్య అతిథి ఎవరో, వాన పడి షామియానా ఎలా కూలిందో చెబుతారు. ఆ కథ లేకుండా తెచ్చుకున్న కప్పుకు సగం విలువ అక్కడే ఉండిపోతుంది.

నుమాయిష్‌లో దొరుకుతాయా?

పాతవి దొరకవు. అయితే జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి మైదానంలో ఖుర్జా సామాను దుకాణాలు చూడటం మంచి పాఠం, ఒకేచోట రకరకాల మట్టి, గ్లేజు, కుదురు చేతితో తాకి పోల్చుకోవచ్చు. నుమాయిష్‌ను 1938లో మొదలుపెట్టింది ఉస్మానియా పట్టభద్రులే, దాని ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలను నడుపుతోంది. కాబట్టి కాలేజీకీ కప్పుకూ ఈ ఊళ్లో ఉన్న సంబంధం కొత్తదేమీ కాదు. ఇంకా మంచి పాఠం కావాలంటే సాలార్ జంగ్ మ్యూజియం పింగాణీ గదులున్నాయి. అక్కడి లేత ఆకుపచ్చ సెలడాన్ పళ్లాల్లో విషం కలిపిన ఆహారం పెడితే రంగు మారుతుందని ఒక నమ్మకం ఉండేది. నమ్మకం నిజం కాకపోయినా ఆ గ్లేజు లోతును కళ్లకు అలవాటు చేసుకుంటే, నాసిరకం గ్లేజును దూరం నుంచే పట్టేయవచ్చు.

ధర ఎంత పెట్టవచ్చు?

స్థిరమైన మార్కెట్ ధర లేదు, ఉందని చెప్పేవారిని నమ్మవద్దు. కొనేవారు తక్కువ కనుక అమ్మేవారి అవసరం, మీ ముఖంలోని ఆత్రుత, ఈ రెండే ధరను నిర్ణయిస్తాయి. ‘పొద్దున్నుంచీ బోణీ కాలేదు సార్’ అన్నప్పుడు పెద్దగా బేరమాడకుండా ఇచ్చేయడమే నా పద్ధతి, తరువాతి వారం అదే మనిషి మీకోసం వస్తువు పక్కన పెడతాడు. అంచు పెచ్చు ఊడినదానికి సగం, పిడి అతికించినదానికి పావు అని లెక్క వేసుకోవచ్చు. సంస్థ పేరు, ఉత్సవం పేరు, సంవత్సరం కలిసి ఉన్న ఏకైక వస్తువైతే ఈ లెక్క పక్కన పెట్టేయండి.

నకిలీలు ఉంటాయా?

డబ్బుకోసం చేసిన నకిలీలు ఈ రంగంలో తక్కువ, అంత లాభం లేదు. తికమక పెట్టేవి వేరే ఉన్నాయి: పూర్వ విద్యార్థుల సమ్మేళనాలకు పాత చిహ్నాన్నే, పాత సంవత్సరాన్నే వేసి కొత్తగా చేయించే మగ్గులు. ‘1978 బ్యాచ్’ అని ఉన్నంత మాత్రాన అది 1978లో చేసినది కాదు, ఆ బ్యాచ్ నలభై ఏళ్ల తరువాత కలుసుకున్నప్పటిది అయి ఉండవచ్చు. బొమ్మ అంచు మీద గోరు నడిపే పరీక్ష ఇక్కడ వెంటనే నిజం చెబుతుంది. వాటిని పారేయనక్కరలేదు, సరైన సంవత్సరం కింద రాసుకుంటే చాలు.

చాయ్ మరకలు, సన్నని నెర్రెలు ఉంటే ఎలా శుభ్రం చేయాలి?

నెర్రెలు లేని, గట్టి పింగాణీ మీది మరకకు వంటసోడా, గోరువెచ్చని నీళ్లు, మెత్తని గుడ్డ సరిపోతాయి. ఇత్తడి తోమే పొడి, స్టీలు పీచు, చింతపండు దగ్గరికి రానివ్వకూడదు. బంగారు గీత గ్లేజు మీద అతి పలుచని పొర, అది ఒకసారి పోతే తిరిగి రాదు. పిడికి ఎగువన, బొటనవేలు ఆనే చోట ఆ గీత అరిగి ఉంటే వస్తువును నిజంగా వాడారని అర్థం, దాన్ని మళ్లీ పూయించవద్దు.

గ్లేజు అంతటా సాలెగూడులా పరచుకునే సన్ననెర్రెల సంగతి వేరు. తక్కువ వేడిలో కాల్చిన మట్టి ఏళ్ల తరబడి గాలిలోని తేమను పీల్చి కొద్దికొద్దిగా ఉబ్బుతుంది, పైనున్న గాజుపొర అంత సాగలేక చిట్లుతుంది. ఆ చీలికల్లోంచి చాయ్ లోపలి మట్టిలోకి దిగి గోధుమరంగు గీతలుగా కనిపిస్తుంది. ఇలాంటి వస్తువును బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచులో నానబెట్టడం పెద్ద పొరపాటు, లవణాలు లోపల గడ్డకట్టి, ఆరిన తరువాత గ్లేజునే పెచ్చులుగా పైకి నెడతాయి. మ్యూజియం సంరక్షకుల పద్ధతి ఏమిటంటే, మొదట మంచినీళ్లలో పూర్తిగా నాననిచ్చి, మందుల దుకాణంలో దొరికే పలుచని హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో తడిపిన దూదిని మరక మీద మాత్రమే కప్పి ఉంచి, మళ్లీ చాలాసార్లు మంచినీళ్లలో నానబెట్టి, నీడలో రోజుల తరబడి ఆరనివ్వడం. బంగారు గీతా చేత్తో రాసిన పేర్లూ ఉన్న చోట ఇదీ వద్దు.

పిడి విరిగితే ఫెవిక్విక్‌తో అతికించవచ్చా?

అతుకుతుంది, కానీ కాలక్రమంలో పెళుసుబారి ఊడుతుంది, ఎండిన జిగురు అంచుల మీద మిగిలి రెండోసారి అతుకు సరిగ్గా కూర్చోనివ్వదు. ఆరాల్డైట్ బలంగా ఉంటుంది గాని పసుపెక్కుతుంది, విప్పడం కష్టం. మ్యూజియంలలో వాడే పారాలాయిడ్ బి-72 అనే జిగురు అసిటోన్‌లో కరుగుతుంది, కాబట్టి పొరబాటు జరిగినా విప్పి మళ్లీ చేయవచ్చు. అసిటోన్ తాకితే పాలియెస్టర్ పూత, ఎనామెల్ పేర్లు పాడవుతాయి, కనుక ఆ రెండు రకాలకు ఈ జిగురు పని నిపుణులకే వదలాలి. అతికించిన కప్పును పిడితో ఎత్తవద్దు, అలమారలో ఉన్నదాన్ని తీసేటప్పుడు కూడా.

ఈ మగ్గుల్లో చాయ్ తాగవచ్చా?

తాగవద్దనే నా సలహా. గ్లేజు మీద కాల్చిన పాత రంగుల్లో, ముఖ్యంగా ఎరుపు, నారింజ, పసుపుల్లో సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఉంది. పులుపూ వేడీ వాటిని బయటికి లాగుతాయి, నిమ్మ టీ ఈ రెండూ కలిసినది. బొమ్మ వెలుపల మాత్రమే ఉండి పెదవి ఆనే అంచు శుభ్రంగా ఉంటే ప్రమాదం తక్కువ, కానీ అంచు దాకా రంగు ఉన్నవి, నెర్రెలు పడినవి, రంగు అరిగినవి పెన్నులు పెట్టుకోవడానికే. బంగారు గీత ఉన్నదాన్ని మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు వస్తాయి.

యాష్‌ట్రేలు సేకరించడం బాగుంటుందా?

బాగుంటుంది. ఒకప్పుడు కాలేజీ జ్ఞాపికగా యాష్‌ట్రే ఇవ్వడంలో ఎవరికీ ఏమీ అనిపించలేదు, ఇప్పుడు ఏ కమిటీ కూడా ఇవ్వదు. ఆ కాలం పోయిందన్నదానికి ఇంతకు మించిన సాక్ష్యం ఉండదు. పళ్లెం మధ్యలో చిహ్నం, దాని మీదే సిగరెట్ కాల్చిన గోధుమ మచ్చ.

ఎలా భద్రపరచాలి?

మగ్గులను కొక్కేలకు పిడితో వేలాడదీయకూడదు, పిడి అతుకే ప్రతి కప్పులో బలహీనమైన చోటు. ఒకదానిలో ఒకటి దొంతరగా పెట్టకూడదు, కింది దాని బంగారు అంచును పైదాని కుదురు గీస్తుంది. తప్పనిసరైతే మధ్యలో మెత్తని కాగితం వేయాలి, వార్తాపత్రిక కాదు, దాని సిరా కుదురు దగ్గర గ్లేజు లేని మట్టిలోకి దిగుతుంది. పక్కన పునాదుల కోసం బండ పేల్చే నగరం మనది, కనుక అద్దాల అలమారలో ప్రతి వస్తువు కింద చిటికెడు మైక్రోక్రిస్టలిన్ మైనం పెట్టడం మంచిది. గోడ పళ్లాలకు స్ప్రింగు తీగ కొక్కేలు వాడితే అంచులు పెచ్చులూడతాయి, చెక్క స్టాండు మేలు.

ఏయే వివరాలు రాసి పెట్టుకోవాలి?

ఇదే అసలు పని, మిగిలినదంతా దీనికోసమే. ఎక్కడ దొరికింది, ఎవరి దగ్గర, ఎప్పుడు, వాళ్లు ఏం చెప్పారు అన్నది ఆ రాత్రే, వాళ్ల మాటల్లోనే రాయాలి. కొలతలు, మట్టి రకం, అచ్చు పద్ధతి, అడుగు ముద్ర, లోపాలు ఆ తరువాత. నమూనాగా ఒక నమోదు ఇలా ఉంటుంది: ‘మగ్గు, ఎత్తు 9 సెంటీమీటర్లు. స్టోన్‌వేర్, కుదురు లేత బూడిదరంగు. రెండు రంగుల డెకాల్, నీలం మీద ఎరుపు కొంచెం ఎడమకు జరిగింది. చిహ్నం కింద ‘హాస్టల్ డే’, సంవత్సరం లేదు. ఆంధ్రా బ్యాంక్ గుర్తు, పిన్ కోడ్ ఉంది, కనుక 1972 తరువాత, 2020కి ముందు. ఇచ్చినవారు ఆ హాస్టల్‌లో ఉన్నది 1981 నుంచి 1985 దాకా అని చెప్పారు. లోపల చాయ్ గీత, బయట బాగుంది.’ తెలిసినదీ విన్నదీ విడివిడిగా ఉండటం గమనించండి. ఇచ్చినవారి జ్ఞాపకం తరువాత తప్పని తేలినా, మీ నమోదు తప్పు కాదు.

వస్తువు మీద స్కెచ్ పెన్నుతో నంబరు రాయవద్దు. చిన్న దారపు చీటీ పిడికి కడితే చాలు.

ఈ సేకరణకు చట్టపరమైన ఇబ్బందులున్నాయా?

పురావస్తువులు, కళాఖండాల చట్టం, 1972 ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. కాలేజీ జ్ఞాపికల్లో ఆ వయసున్నవి దాదాపు ఉండవు, నిజాం కాలేజీ తొలి దశాబ్దాల వస్తువేదైనా దొరికితే తప్ప. అమెరికాలోని బంధువులకు పంపే ముందు ఆ ఒక్క సందర్భంలో ఆలోచించాలి. కళాశాల భవనంలో ఇంకా వాడుకలో ఉన్న, లేదా స్టోర్ రూము రిజిస్టరులో ఎక్కిన వస్తువును ఏ ఉద్యోగి ఇస్తానన్నా తీసుకోవద్దు, అది సంస్థ ఆస్తి.

సేకరణను ఎవరికైనా ఇచ్చేయాలనుకుంటే?

సంబంధిత కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘాన్ని మొదట అడగండి, కానీ అలమారా, తాళం, బాధ్యుడి పేరు చూసిన తరువాతే ఇవ్వండి. ప్రిన్సిపాల్ గదిలో పెట్టినవి ప్రిన్సిపాల్ మారినప్పుడల్లా కదులుతాయి, లైబ్రరీలో పెట్టినవి అంతగా కదలవు. నమోదు పుస్తకం నకలును వస్తువులతో పాటు ఇచ్చి, అసలును మీ దగ్గరే ఉంచుకోండి. ఒకే కాలేజీ వస్తువులను ఒకేచోట ఇవ్వడం మంచిది. మిగతా విడి వస్తువులు, ఏ సంస్థవో తేలనివి, మరో సేకర్తకు మార్పిడిగా ఇస్తే వాళ్ల దగ్గరున్న సావనీర్‌లో ఆ బొమ్మ బయటపడవచ్చు.